తుంటి ఎముక విరిగితే ఆపరేషన్‌తో కథ అయిపోదు: పెద్దవాళ్లున్న ప్రతి ఇల్లూ తెలుసుకోవాల్సిన విషయాలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో చాలా ఇళ్లలో వినే మాటే ఇది: "అవ్వ బాత్‌రూంలో జారి పడింది, అప్పటి నుంచి మంచం మీదే ఉంది." పడింది నిలబడిన ఎత్తు నుంచే. అంతమాత్రానికే తుంటి ఎముక ఎందుకు విరిగింది? ఈ వయసులో ఆపరేషన్ చేయించాలా, వద్దా? చేయిస్తే డబ్బు ఎవరిస్తారు? ఆపరేషన్ తర్వాత వేసే ఎముకల మందులతో ఆయుష్షు పెరుగుతుందా? మీకు ఎదురయ్యే ఈ ప్రశ్నలకు ఒక్కొక్కటిగా సమాధానాలు చూద్దాం.

ఎముకలు గుల్లబారడం అంటే ఏమిటి?

ఎముక రాయిలాంటిది కాదు. పాతది కరుగుతూ, కొత్తది చేరుతూ జీవితాంతం మారుతూనే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ కరిగేది ఎక్కువై, చేరేది తగ్గుతుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక ఈ నష్టం వేగం పుంజుకుంటుంది. లోపలి అల్లిక పలచబడి, చిన్న దెబ్బకే విరిగే స్థితికి వస్తే దాన్ని ఆస్టియోపొరోసిస్ అంటారు. నొప్పి ఉండదు, జ్వరం రాదు. చాలామందికి మొదటి లక్షణం ఎముక విరగడమే.

ఎక్కువగా విరిగేవి మూడు చోట్ల: మణికట్టు, వెన్నుపూస, తుంటి. మణికట్టు విరిగితే కట్టు కట్టించుకుని మర్చిపోతాం. వెన్నుపూస నలిగితే "నడుం నొప్పి, వయసైపోయింది" అనుకుంటాం. నడుం వంగడం, ఎత్తు తగ్గడం, పాత జాకెట్లు, చొక్కాలు పొడవుగా అనిపించడం దానికి గుర్తులు. ఈ రెండింటినీ పట్టించుకోకపోతే మూడోది తుంటి కావచ్చు. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా అదే.

మన ప్రాంతంలో ఎవరు జాగ్రత్త పడాలి?

వయసు, ఆడవాళ్లు కావడం, సన్నటి శరీరం, పొగ, మద్యం, అమ్మకో నాన్నకో తుంటి విరిగిన చరిత్ర ఎక్కడైనా ముప్పే. వీటికి తోడు మన దగ్గర గమనించాల్సినవి నాలుగున్నాయి.

ఒకటి, చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకోవడం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఈ ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే శరీరంలో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ముప్పై ఐదేళ్లకు ఆ ఆపరేషన్ అయిన మనిషి ఎముకలు అరవై ఏళ్లు వచ్చేసరికి ఎన్నో ఏళ్ల అదనపు నష్టాన్ని మోస్తుంటాయి. డాక్టరు అడగకపోయినా ఈ విషయం మీరే చెప్పండి.

రెండు, ఎండ తగలకపోవడం. ఎండ ఇంత కాసే సీమలో విటమిన్ డి లోపమేమిటని అనిపించవచ్చు. కానీ ధర్మవరంలో గుంట మగ్గంలో కూర్చుని పొద్దస్తమానం పట్టు నేసే మనిషికి గానీ, నాలుగు గోడల మధ్యే పనిచేసే ఇతరులకు గానీ ఆ ఎండ ఒంటికి తగిలేది తక్కువ.

మూడు, స్టెరాయిడ్లు. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి ఊళ్లో వేసే ఇంజెక్షన్లలో, పేరు తెలియని మాత్రల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. వాటిని నెలల తరబడి వాడితే ఎముకలు వేగంగా బలహీనపడతాయి. నొప్పి వెంటనే మాయమైందంటే అందులో ఏముందో అడగడం మంచిది. డాక్టరే రాసిన స్టెరాయిడ్ అయితే మాత్రం చెప్పకుండా హఠాత్తుగా ఆపకండి.

నాలుగు, ఫ్లోరైడ్. ఉమ్మడి అనంతపురం జిల్లాలో లోతైన బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య పాతదే. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదన్నది ప్రమాణం. 1990ల్లో వచ్చిన సత్యసాయి తాగునీటి పథకం చాలా ఊళ్లకు ఊరటనిచ్చింది. అంతకుముందు దశాబ్దాల పాటు బోరు నీళ్లే తాగినవాళ్ల ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ మాత్రం అంత త్వరగా పోదు. అది ఎముకను దట్టంగా చేస్తుంది, కానీ పెళుసుగా చేస్తుంది. అందుకే పళ్ల మీద మరకలు, వెన్ను బిగుసుకుపోవడం ఉన్నవాళ్లకు స్కానింగ్‌లో సాంద్రత బాగానే ఉందని వచ్చినా నిశ్చింతగా ఉండలేం. ఏ ఊళ్లో, ఏ నీళ్లు తాగి పెరిగారో డాక్టరుకు చెప్పండి.

పరీక్ష ఎప్పుడు, ఎక్కడ?

ఎముక సాంద్రత కొలిచే పరీక్ష పేరు డెక్సా స్కాన్. తుంటి, వెన్నుపూసల దగ్గర కొలుస్తారు. టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ప్రమాణం పెట్టింది. ఈ యంత్రం పెద్ద నగరాల ఆసుపత్రుల్లో, డయాగ్నస్టిక్ కేంద్రాల్లో దొరుకుతుంది.

మెడికల్ క్యాంపుల్లో మడమ దగ్గర పెట్టి ఉచితంగా చూసే పరీక్ష డెక్సా కాదు, అల్ట్రాసౌండ్. అది ముప్పు ఉందేమోనన్న అనుమానం చెప్పగలదు, వ్యాధిని నిర్ధారించలేదు. ఆ కాగితం చూసి మందులు మొదలుపెట్టకండి. అందులో బాగుందని వచ్చిందని ధీమాగానూ ఉండకండి.

ఇంకో ముఖ్యమైన మాట. నిలబడిన ఎత్తు నుంచి పడి తుంటి గానీ వెన్నుపూస గానీ విరిగిన పెద్దవాళ్లకు డెక్సా లేకపోయినా, గడ్డలు, ఇన్‌ఫెక్షన్ లాంటి ఇతర కారణాలు లేవని చూసుకున్నాక ఆస్టియోపొరోసిస్ ఉన్నట్టే లెక్క. చికిత్స మొదలుపెట్టడానికి అది చాలు. స్కానింగ్ దొరకలేదని మందు వాయిదా వేయాల్సిన పనిలేదు.

పడిపోతే మొదటి గంటల్లో ఏం చేయాలి?

కాలు పొట్టిగా కనిపించడం, పాదం బయటికి తిరిగిపోవడం, గజ్జల్లో నొప్పి, కాలు ఎత్తలేకపోవడం తుంటి విరిగిందనడానికి గుర్తులు. కొందరు నొప్పితోనే నాలుగడుగులు వేస్తారు, కాబట్టి నడిచారంటే విరగలేదని అనుకోవద్దు. ఎక్స్‌రేలో కనిపించకపోయినా నొప్పి తగ్గకపోతే సీటీ లేదా ఎంఆర్‌ఐ అడగండి.

కాలు లాగకండి, నూనె పెట్టి రుద్దకండి, ఆటోలో కూర్చోబెట్టకండి. రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేయండి. బీపీ, షుగర్, ముఖ్యంగా రక్తం పలచబరిచే మాత్రలు ఏవి వాడుతున్నారో ఆ చీటీ వెంట తీసుకెళ్లండి. ఆధార్, రేషన్ కార్డు కూడా పెట్టుకోండి.

పుత్తూరు కట్టు సంగతేమిటి?

రాయలసీమలో ఎముక విరిగిందనగానే ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పుత్తూరు గుర్తొస్తుంది. తరాలుగా నమ్మకం ఉన్న వైద్యం అది. కానీ తుంటి విషయం వేరు. చేతికీ, ముంజేతికీ కట్టే కట్టు తుంటి కీలు లోపల విరిగిన ముక్కను పట్టి ఉంచలేదు. తుంటి ఎముక మెడ భాగం విరిగి పక్కకు జరిగితే బంతిలాంటి పైభాగానికి రక్తం అందడం ఆగిపోవచ్చు, ఆ ముక్క అతుక్కోదు. కట్టు కోసం వందల కిలోమీటర్లు కారులో తిప్పడం వల్ల పోయేది విలువైన సమయం.

"ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు?"

ఇళ్లలో ఎక్కువగా జరిగే చర్చ ఇదే. మంచం మీదే ఉంచి చూసుకుందామన్నది ప్రేమతో చెప్పే మాటే కావచ్చు. అయితే పెద్దవాళ్లను చంపేది సాధారణంగా విరిగిన ఎముక కాదు, మంచం. కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరుతుంది. వీపు మీద పుండ్లు పడతాయి. మూత్రం ఇన్‌ఫెక్షన్, తికమక, తిండి మానేయడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

వివిధ దేశాల అధ్యయనాల్లో తుంటి విరిగిన పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల నలుగురిలో ఒకరు ఏడాదిలోపే చనిపోతున్నారు. ఆపరేషన్ లేకుండా మంచానికే పరిమితమైనవాళ్లలో మరణాలు ఇంకా ఎక్కువ. తుంటి ఆపరేషన్ ఉద్దేశం మనిషిని పరుగెత్తించడం కాదు. నొప్పి తగ్గించి, మర్నాడే మంచం మీద కూర్చోబెట్టడం, వాకర్‌తో నిలబెట్టడం.

ఎంత త్వరగా చేయాలి? వీలైతే ఒకటి రెండు రోజుల్లో. 17 దేశాల్లో 2,970 మందితో జరిగిన 'హిప్ అటాక్' అధ్యయనం ఫలితాలు 2020లో లాన్సెట్‌లో వచ్చాయి. సుమారు 6 గంటల్లో ఆపరేషన్ చేసినవాళ్లలో, 24 గంటల్లో చేసినవాళ్లలో మూడు నెలలకు మరణాలు దాదాపు సమానంగానే ఉన్నాయి: 9 శాతం, 10 శాతం. త్వరగా చేసినవాళ్లలో తికమక తక్కువగా కనిపించింది, ముందుగా లేచి నిలబడ్డారు. అంటే కొన్ని గంటలు ఆలస్యమైందని కంగారుపడక్కర్లేదు. అలాగని షుగర్ పూర్తిగా అదుపులోకి రావాలనో, దగ్గరి బంధువు ఊరి నుంచి రావాలనో వారం రోజులు ఆపడానికి ఇది సాకు కాదు. గుండె, ఊపిరితిత్తుల పరిస్థితి మరీ ప్రమాదకరంగా ఉన్న కొద్దిమందికి డాక్టర్లే ఆపరేషన్ వద్దంటారు. అది వయసు చూసి కాదు, మనిషిని చూసి తీసుకునే నిర్ణయం.

ఎక్కడికి తీసుకెళ్లాలి?

హిందూపురంలో జిల్లా ఆసుపత్రి, ధర్మవరంలో ఏరియా ఆసుపత్రి, పెనుకొండలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. ముందు దగ్గరి ఆసుపత్రికి చేర్చి ఎక్స్‌రే, నొప్పికి మందు, సెలైన్ పెట్టించండి. అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే: "తుంటి ఆపరేషన్ ఇక్కడే రెండు రోజుల్లో అవుతుందా?" ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం, ఇంప్లాంట్ నాలుగూ సిద్ధంగా ఉంటే అక్కడే చేయించడం మేలు. లేదంటే వెంటనే రెఫర్ చేయించుకోండి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. ధర్మవరం వాళ్లకు బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి దగ్గర. పుట్టపర్తి సమీపంలోని ప్రశాంతిగ్రామంలో 1991లో మొదలైన సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ ఉంది. అక్కడికైతే ముందు ఫోన్‌లో కనుక్కుని వెళ్లండి.

హిందూపురం, పెనుకొండ వాళ్లు చాలామంది నేరుగా బెంగళూరు దారి పడతారు. వెళ్లే ముందు మీ కార్డు అక్కడ ఆ ఆపరేషన్‌కు చెల్లుతుందో లేదో తెలుసుకోండి. అడ్మిట్ అయ్యాక అడిగితే అప్పటికే బిల్లు మొదలై ఉంటుంది.

డబ్బు ఎవరిస్తారు?

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి అనంతపురం ఒకటి. పేర్లు మారుతూ వచ్చి ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఈ పథకం సహాయ కేంద్రం ఉంటుంది. అడ్మిట్ అయ్యేటప్పుడే అక్కడ పేరు నమోదు చేయించండి. మీ ఆపరేషన్ ప్యాకేజీలో ఉందా, ఆసుపత్రికి అనుమతి ఉందా అన్నది 104కు ఫోన్ చేసి అడగవచ్చు.

ఆదాయంతో సంబంధం లేకుండా 70 ఏళ్లు నిండిన వాళ్లందరికీ కేంద్రం 2024 అక్టోబర్ 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు ప్రారంభించింది. ఏడాదికి రూ.5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స దీని కిందికి వస్తుంది. ఒకే ఇంట్లో 70 దాటిన ఇద్దరుంటే ఆ మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి. వయసుకు ఆధారం ఆధార్‌లోని పుట్టిన తేదీ. ఆయుష్మాన్ యాప్‌లో మీరే నమోదు చేయవచ్చు. మీరు వెళ్లే ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో 14555లో ముందే అడగండి. ఆయుష్మాన్ ప్యాకేజీలో ఇంప్లాంట్ ధర కూడా కలిసే ఉంటుంది. దానికి వేరే డబ్బు కట్టమంటే రశీదు అడిగి, అదే నంబరుకు ఫిర్యాదు చేయండి.

ఆధార్‌లో వయసు తప్పుగా ఉన్న పెద్దవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. ఎముక విరిగిన రోజు ఆ తప్పు దిద్దలేరు. ఈ వారమే చూసుకోండి.

ఇక్కడే ఒక ఖాళీ ఉంది. ఈ కార్డులు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు. ఆయుష్మాన్‌లో డిశ్చార్జి తర్వాత 15 రోజుల వరకే మందులు వస్తాయి. కానీ ఎముకలు గుల్లబారడానికి మందు ఏళ్ల తరబడి కావాలి. విరిగిన ఎముకకు డబ్బొస్తుంది, రెండోది విరగకుండా ఆపే మాత్రకు మీ జేబే దిక్కు. చాలామంది చికిత్స అక్కడే తెగిపోతుంది.

మందు వాడితే ఆయుష్షు పెరుగుతుందా?

నిజాయితీగా చెప్పాలంటే సమాధానం రెండు భాగాలు.

2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు 2,127 మందిలో సగం మందికి ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్, మిగతావాళ్లకు మందు లేని సెలైన్ ఎక్కించారు. సుమారు రెండేళ్లలో మందు తీసుకున్నవాళ్లలో 9.6 శాతం, తీసుకోనివాళ్లలో 13.3 శాతం చనిపోయారు. కొత్తగా ఎముకలు విరిగినవాళ్లు 8.6 శాతం, 13.9 శాతం. మందు రెండో ఫ్రాక్చర్‌నే కాదు, మరణాన్నీ తగ్గించిందన్న ఆశ అక్కడి నుంచి మొదలైంది.

తర్వాత 2019లో 38 అధ్యయనాలను, లక్ష మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూశారు. ఎముకల మందులు మొత్తంగా మరణాలను తగ్గిస్తాయని తేలలేదు. మందు వాడేవాళ్లు ఎక్కువ కాలం బతికినట్టు ఆసుపత్రి రికార్డుల్లో కనిపించడానికి ఇంకో కారణం ఉండొచ్చు: క్రమం తప్పకుండా మందు వేసుకునేవాళ్లు మిగతా జాగ్రత్తలూ తీసుకుంటారు.

కాబట్టి దీన్ని ఆయుష్షు పెంచే మందుగా చూడొద్దు. ఎముక విరగకుండా కాపాడే మందుగా చూడండి. ఆ పని అది గట్టిగానే చేస్తుంది. తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఆ రక్షణ ప్రాణాన్నీ కాపాడే అవకాశం ఉంది. ఒకసారి విరిగినవాళ్లకు మళ్లీ విరిగే ముప్పు ఎక్కువ, అదీ మొదటి రెండేళ్లలో. మందు మొదలుపెట్టాల్సింది అప్పుడే.

ఏ మందు ఎలా వాడాలి?

అలెండ్రోనేట్: వారానికి ఒక 70 మిల్లీగ్రాముల మాత్ర. పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో. కాఫీ, పాలతో కాదు. అరగంట పాటు ఏమీ తినకూడదు, పడుకోకూడదు. పడుకుంటే అన్నవాహికలో పుండ్లు పడొచ్చు. అంతసేపు కూర్చోలేనివాళ్లకు ఇది సరిపడదు. డాక్టరు రాశాక జనౌషధి కేంద్రంలోనూ, జెనరిక్ షాపులోనూ ధర కనుక్కోండి.

జోలెడ్రోనిక్ యాసిడ్: ఏడాదికోసారి 5 మిల్లీగ్రాములు సెలైన్‌లా ఎక్కిస్తారు. మాత్ర గుర్తుండనివాళ్లకు వీలు. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావొచ్చు. ముందు క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు చేయించాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ రెండు మందులూ ఇవ్వరు.

డెనోసుమాబ్: ఆరు నెలలకోసారి చర్మం కింద ఇంజెక్షన్. దీనికో పెద్ద షరతు ఉంది. డోసు ఆలస్యమైనా, మధ్యలో మానేసినా ఎముక వేగంగా కరిగి వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదముంది. ఖర్చు ఎన్నేళ్లు భరించగలరో ముందే ఆలోచించుకోండి.

టెరిపరటైడ్: ముప్పు చాలా ఎక్కువున్నవాళ్లకు రోజూ ఇంజెక్షన్, సాధారణంగా రెండేళ్లు. ఆ తర్వాత పై మందుల్లో ఒకటి వాడాలి, లేకపోతే లాభం నిలవదు.

చాలా అరుదుగా దవడ ఎముక దెబ్బతినడం, తొడ ఎముకలో వింత పగుళ్లు రావచ్చు. అందుకే మందుకు ముందే పంటి పని పూర్తి చేయించుకోవాలి. తొడలో మొండి నొప్పి వస్తే డాక్టరుకు చెప్పాలి. మూడు నుంచి ఐదేళ్ల తర్వాత మందు ఆపాలా, కొనసాగించాలా అన్నది మళ్లీ చూస్తారు.

సంగటి, ఎండ, గడప

పెద్దవాళ్లకు రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మన రాగులు ఇందులో గొప్ప ఆసరా: 100 గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాములుంటుంది. ఒక పూట సంగటి, రెండు గ్లాసుల పాలో మజ్జిగో, కాస్త నువ్వుల పొడి ఉంటే సగం దారి దాటినట్టే. మిగతాది మాత్రతో పూరించవచ్చు. కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు అడిగి వాడాలి. పప్పు, గుడ్డు లాంటి మాంసకృత్తులు లేకపోతే కండ పట్టదు. కండ లేకపోతే మళ్లీ పడతారు.

విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి పొట్లాలు సాధారణంగా వారానికొకటి చొప్పున కొన్ని వారాలే వాడాలి. బాగుందని ఏడాదంతా వారం వారం వేసుకుంటే కాల్షియం పెరిగి కిడ్నీ దెబ్బతినొచ్చు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఎముక విరిగాక కాల్షియం, విటమిన్ డి మాత్రమే సరిపోవు. అవి మందుకు తోడు, మందు కాదు.

ఇక ఇల్లు. రాత్రి బాత్‌రూం దారిలో లైటు, గోడకు పట్టుకునే కడ్డీ, జారని చెప్పులు, ఎత్తు గడపకు రంగు గీత పెట్టండి. కంట్లో శుక్లాలుంటే ఆపరేషన్ చేయించండి. నిద్రమాత్రలు, లేవగానే కళ్లు తిరిగేలా చేసే బీపీ మాత్రల గురించి డాక్టరును అడగండి.

డిశ్చార్జి రోజు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. ఎముకలు గుల్లబారడానికి ఏ మందు రాశారు? ఏ తేదీ నుంచి మొదలుపెట్టాలి?
2. క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు అయ్యాయా?
3. ఎప్పటి నుంచి కాలు మీద బరువు వేయవచ్చు? ఫిజియోథెరపీ ఎవరు నేర్పుతారు?
4. రక్తం గడ్డకట్టకుండా మందు ఎన్ని రోజులు వాడాలి?
5. మళ్లీ ఎప్పుడు, ఎక్కడ చూపించాలి?

డిశ్చార్జి చీటీలో ప్లేటు, స్క్రూల వివరాలన్నీ ఉండి ఎముకల మందు ఒక్కటే లేకపోవడం ప్రపంచమంతటా కనిపించేదే. తుంటి విరిగిన చాలామందికి ఆ మందు ఎప్పటికీ మొదలవదు. మీరు మొదటి ప్రశ్న అడిగితే చాలు, డాక్టరు కలం మళ్లీ చేతిలోకి తీసుకుంటారు.